ఇంటి పనికి వెల కట్టేదెవరు?



ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని ఇవాళ చాలామందికి ఉంది. చంటిపిల్లని వదిలి బయటికి వెళ్ళలేని తల్లి, మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటున్న కోడలు, ఉద్యోగం పోయి ఊరికి తిరిగొచ్చిన కుర్రాడు, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేని మాస్టారు. అందరిదీ ఒకటే మాట. "ఇంట్లో కూర్చుని చేసుకునే పనేదైనా ఉంటే చెప్పండి."

పనులు ఉన్నాయి. మన ఊళ్ళలో తరతరాలుగా ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారు. అయితే పని దొరకడం ఒక ఎత్తు. ఆ పనితో ఇల్లు గడిచి, నాలుగు రాళ్ళు వెనకేసుకోగలగడం ఇంకో ఎత్తు. ఆ తేడా ఎక్కడ వస్తోంది? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు నర్సాపురం వెళదాం. పశ్చిమగోదావరి జిల్లా, వశిష్ఠ గోదావరి ఒడ్డు. అక్కడా చుట్టుపక్కల ఊళ్ళలోనూ మధ్యాహ్నం వంటలు, భోజనాలు అయ్యాక ఆడవాళ్ళు గుమ్మాల్లో, అరుగుల మీద కూర్చుంటారు. ఒళ్ళో తెల్లటి దారపు ఉండ. చేతిలో కొస వంకర తిరిగిన సన్నటి సూది. ఆ సూది లోపలికి వెళ్ళి దారాన్ని పట్టుకుని బయటికి లాగుతుంది. మళ్ళీ వెళుతుంది, మళ్ళీ లాగుతుంది. మన కంటికి అందనంత వేగం. పక్కింటావిడతో మాట్లాడుతూనే ఉంటారు, ఉయ్యాల ఊపుతూనే ఉంటారు, చెయ్యి మాత్రం ఆగదు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతానికి తెచ్చిన లేసు అల్లిక. అక్కడ అల్లిన టేబుల్ గుడ్డలు, దిండు గలీబులు ఓడలెక్కి పై దేశాలకి వెళ్ళాయి, ఇప్పటికీ వెళుతున్నాయి. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంత పేరున్న పని కదా, మరి అల్లిన చేతికి ఏం మిగిలింది?

మరియా మీస్ అని జర్మనీకి చెందిన ఒక సామాజిక శాస్త్రవేత్త డెబ్భైల చివర్లో ఆ ఊళ్ళకి వచ్చారు. లేసు అల్లేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ పని చూశారు, లెక్కలు అడిగారు. 1982లో దాని మీద పుస్తకం వేశారు. ఆమె చూసింది ఏమిటంటే, రోజుకి ఎన్నో గంటలు సూది పట్టిన ఆడవాళ్ళ చేతికి వచ్చింది చిల్లర. ఎగుమతి చేసినవాళ్ళు బాగుపడ్డారు. కారణం ఏమిటి? "వాళ్ళు గృహిణులు, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటున్నారు" అని ఊరు అనుకుంది. వ్యాపారి అనుకున్నాడు. చివరికి అల్లేవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. కాలక్షేపానికి కూలి ఎవరిస్తారు?

ఇంకొక సంగతి కూడా ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ లేసు పనిలో ఒక్కరే గుడ్డ మొత్తం అల్లడం తక్కువ. ఒకామె పువ్వులు అల్లుతుంది, అది చేతిపని. ఇంకొకామె ఆ పువ్వుల్ని కలుపుతుంది, అది అతుకుపని. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, పువ్వులు పట్టుకెళతాడు. పువ్వులు అల్లిన ఆమె ఆ టేబుల్ గుడ్డని పూర్తిగా చూడనే చూడదు. తన పువ్వు ఏ గుడ్డలో చేరిందో తెలియదు. ఆ గుడ్డ ఏ దేశంలో, ఎవరింట్లో, ఎంతకి అమ్ముడుపోయిందో అసలే తెలియదు. ధర తెలియనప్పుడు తన కూలి ఎక్కువో తక్కువో ఆమె ఏమని వాదిస్తుంది?

అందుకే ఇంట్లో పని మొదలుపెడదామనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. ఇవాళ ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు. మీరు చేసిన సరుకుని చివరికి కొనేవాళ్ళు ఎంత ఇస్తున్నారో తెలుసుకోండి. మళ్ళీ చెబుతున్నాను. మధ్యలో ఏజెంటు మీకెంత ఇస్తున్నాడన్నది కాదు. ఆఖరున కొనే మనిషి జేబులోంచి ఎంత తీస్తున్నాడు? ముందు అది తెలియాలి.

ఇప్పుడు అదే గోదావరి మీద ఎగువకి వద్దాం. కోనసీమలో ఆత్రేయపురం. పూతరేకుల ఊరు. పూతరేకులు తిననివాళ్ళు మనలో తక్కువే గానీ, రేకు తీయడం చూసినవాళ్ళు అంతమంది ఉండరు. బోర్లించిన కుండ ఒకటి ఉంటుంది, అడుగు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పళ్ళెంలో నీళ్ళలా పల్చటి బియ్యప్పిండి. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని, వేడెక్కిన కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. అంతే. కళ్ళు మూసి తెరిచేలోగా కుండ మీద రేకు ఆరిపోతుంది. అంచు పట్టుకుని తీస్తే కాగితం కంటే పల్చగా వచ్చేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. ఆ పొయ్యి ముందు గంటల తరబడి కూర్చోవడం, ఆ సెగ, ఆ పొగ, అది చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆత్రేయపురంలో ఇది ఇళ్ళలో చేసే పని. 2023లో ఈ పూతరేకులకి కూడా భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఆ ఊళ్ళోనే రెండు రకాల సంపాదన కనిపిస్తుంది. రేకులు మాత్రమే తీసి ఇచ్చే ఆమెకి వంద రేకులకి ఇంతని కూలి. అదే రేకుని నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, మడత వేసి, పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళకి ఒక్కొక్క పూతరేకు మీద ధర. రెండిట్లో కష్టమైన పని ఏది? రేకు తీయడమే. డబ్బు వచ్చేది ఏది? చుట్టి అమ్మడం. రేకు తామే తీసుకుని, తామే చుట్టి, ఫోన్లో ఆర్డర్లు పట్టి, హైదరాబాదు బస్సుకో కొరియర్‌కో పెట్టె అందించే కుటుంబాలకి ఈ పనిలోనే బతుకు తెరువు బాగుంటుంది. కొనేవాళ్ళకీ వాళ్ళకీ మధ్య ఇంకెవరూ లేకపోవడమే ఆ తేడా.

"అందరం వ్యాపారం చేయలేం కదండీ, నాకు పని తప్ప అమ్మడం చేతకాదు" అంటారు కొందరు. నిజమే. ఒంటరిగా చేతకాకపోవచ్చు. పదిమంది కలిస్తే?

1959 మార్చిలో బొంబాయి గిర్గాంలో ఒక మేడ మీద ఏడుగురు ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. చేతిలో ఉన్నది 80 రూపాయలు, అదీ అప్పే. అదే ఇవాళ్టి లిజ్జత్ పాపడ్. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ సంస్థలో నలభై వేలకి పైగా మహిళలు. వాళ్ళలో చాలామంది ఫ్యాక్టరీకి వెళ్ళరు. పొద్దున్నే కేంద్రంలో కలిపిన పిండి తీసుకుంటారు, ఇంటికి వచ్చి అప్పడాలు ఒత్తుతారు, ఆరబెడతారు, మర్నాడు తీసుకెళ్ళి అప్పగిస్తారు. తూకం, నాణ్యత చూసి ఒత్తినందుకు డబ్బు ఇచ్చేస్తారు. మళ్ళీ పిండి తెచ్చుకుంటారు.

వినడానికి ఇది కూడా నర్సాపురం లాగే ఉంది కదూ? ఎవరో పిండి ఇస్తున్నారు, మనం చేసి ఇస్తున్నాం. కానీ ఇక్కడ పిండి ఇచ్చేదీ వాళ్ళే, అప్పడం అమ్మేదీ వాళ్ళే. ఆ సంస్థకి యజమానులు ఆ సభ్యులే. లాభం వస్తే పంచుకునేదీ వాళ్ళే. పాకెట్ బజార్లో ఎంతకి పోతోందో ఒత్తిన ప్రతి మనిషికీ తెలుసు. పని ఒకటే, ఇల్లు ఒకటే, మధ్యలో ఉన్నవాడు మారాడు. నాకు లిజ్జత్ కథలో ఎక్కువ నచ్చేది అదే. ఆ అప్పడం ఎంత పెద్ద పేరు తెచ్చుకుందన్నది నాకు ఆ తరవాతి మాట.

మన దగ్గర డ్వాక్రా సంఘాలు లేని ఊరు లేదు. పొదుపు లెక్కలు, అప్పు వాయిదాలు చూసుకోవడం బాగా వచ్చు మనవాళ్ళకి. అదే సమావేశంలో ఇంకో పావుగంట కూర్చుని, "నువ్వు జాకెట్టుకి ఎంత తీసుకుంటున్నావు? మగ్గం పనికి షాపువాడు నీకెంత ఇచ్చి కస్టమరు దగ్గర ఎంత తీసుకుంటున్నాడు?" అని ఒకరినొకరు అడగాలి. ఒక్కతే వెళ్ళి రేటు పెంచమంటే షాపువాడు ఇంకొకరి దగ్గరికి వెళతాడు. వీధిలోని పదిమందీ ఒకే మాట మీద ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడతాడు.

సరే, రేటు మనమే పెట్టుకుంటున్నాం అనుకుందాం. అప్పుడైనా లెక్క సరిగ్గా వేస్తున్నామా? ఒక ఉదాహరణ చెబుతాను. అంకెలు కొంచెమే, నెమ్మదిగా చెబుతాను.

ఒక ఇంట్లో అత్తా కోడలూ కలిసి పది కిలోల ఆవకాయ పెట్టారు. కాయలు, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వులనూనె అన్నిటికీ కలిపి 2,500 రూపాయలు అయింది. కిలో 400 చొప్పున అమ్మారు. 4,000 వచ్చింది. 1,500 మిగిలిందని సంతోషపడ్డారు. మిగిలిందా? సీసాలకి, అట్టపెట్టెలకి, టేపుకి 300 అయింది. అది ఎవరూ రాయలేదు. ఒక సీసా దారిలో పగిలింది, ఆ కస్టమరుకి 400 తిరిగి ఇచ్చారు. అదీ రాయలేదు. మిగిలింది 800. కాయలు కడిగి, తుడిచి, కొట్టి, టెంకలోని జీడి తీసి, పొర గోకి, కలిపి, సీసాలకెత్తి, మూతలు బిగించేసరికి ఇద్దరికీ రెండేసి రోజులు పట్టింది. అంటే నాలుగు రోజుల పని. 800ని నాలుగుతో భాగిస్తే రోజుకి 200. పొలంలో కలుపు తీయడానికి వెళ్ళినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

ఆవకాయ పెట్టవద్దని కాదు నేను చెప్పేది. కిలో 400 చాలదని చెబుతున్నాను. సరుకులు, సీసాలు, పాడైపోయేవాటికి కొంత, దాని మీద మీ రోజు కూలి, ఇవన్నీ కలిపాకే ధర చెప్పండి. ముఖ్యంగా మీ కూలి. నూనె ధర పైసలతో సహా రాసుకునే మన ఆడవాళ్ళు, తమ కష్టాన్ని మాత్రం లెక్కలో రాయరు. "మనింటి పనే కదా" అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. మీ గంటకి ఇంతని ఒక వెల కట్టుకోండి. చిన్నదైనా సరే, కట్టుకోండి. రెండు నెలలు నోటు పుస్తకంలో రాసి చూస్తే ఏ సరుకు మీద మీకు మిగులుతోందో, దేని మీద చాకిరీ మాత్రమే మిగులుతోందో తెలిసిపోతుంది.

తినే సరుకు అమ్మేవాళ్ళకి ఒక చిన్నమాట. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. దగ్గర నమోదు చేయించుకోవాలి. చిన్న వ్యాపారానికి రుసుము తక్కువే. సీసా మీద ఆ నంబరు ఉంటే కొత్తవాళ్ళు కూడా నమ్మి కొంటారు. అలాగే చిన్న పరిశ్రమలకి ఉద్యమ్ నమోదు అని ఒకటి 2020 నుంచి ఉంది. దానికి ప్రభుత్వం రుసుమేమీ తీసుకోదు. వెయ్యి అవుతుంది, రెండు వేలు అవుతుంది అని ఎవరైనా అంటే అది వాళ్ళ జేబులోకే.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో, ముఖ్యంగా మగవాళ్ళతో, ఒక మాట చెప్పాలి. ఇంట్లో పనిచేసే మనిషికి ఎదురయ్యే పెద్ద చిక్కు బజార్లో ఉండదు, ఇంట్లోనే ఉంటుంది. "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తే తీసుకో." "ఇంట్లోనే ఉన్నావుగా, మా చెల్లెలు పిల్లల్ని పంపిస్తానంది, చూడు." పదకొండింటికి కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషి నాలుగుసార్లు లేస్తే ఆ జాకెట్టు ఎప్పటికి అవుతుంది? అదే మనిషి బ్యాంకులో పనిచేస్తుంటే ఆ నాలుగు పనులూ ఎవరు చేసేవారు? 2020లో కరోనా వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులంతా ఇళ్ళకి చేరినప్పుడు, కొడుకు లాప్‌టాప్ ముందు కూర్చుంటే తలుపు దగ్గరికి వేసి, టీవీ సౌండు తగ్గించి, టీ అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాం. ఆ మర్యాద కుట్టుమిషన్‌కి ఎందుకు ఇవ్వకూడదు? పొద్దున పది నుంచి ఒంటిగంట వరకూ అమ్మ పనిలో ఉంటుంది అని ఇంట్లో అందరూ అనుకోవాలి. పిల్లలతో సహా. వచ్చిన డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. ఖాతా వేరొకరి పేరు మీద ఉంటే, ఎంత సంపాదించినా ఆమె తన డబ్బు కోసం అడుక్కోవాల్సి వస్తుంది.

ఇల్లు కూడా పనిచేసే చోటేనని ఒప్పుకున్న చట్టమే మన దేశంలో రాలేదనుకోకండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంట్లో కూర్చుని చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే అక్కలు ఎందరో. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం, ఇంటి దగ్గర బీడీ చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగానే చూసింది. ఆ గుర్తింపు ఉంది కాబట్టే చాలామందికి పీఎఫ్ వచ్చింది, తర్వాత తెలంగాణలో పెన్షన్ కూడా వచ్చింది. ఆ పని ఊపిరితిత్తులకి మంచిది కాదు, కూలీ అంతంతమాత్రమే, నేను కాదనను. కానీ కాగితం మీద కార్మికురాలు అయినందుకు ఆమెకి ఎంతోకొంత దక్కింది. లేసు అల్లే ఆమెకి ఆ కాగితం లేకపోయింది.

చదువుకున్న పిల్లలకి దారులు వేరే ఉన్నాయి. అన్నిటి గురించీ చెప్పలేను గానీ, నాకు ఎంతో ఆశ కలిగించే ఒక పని గురించి చెబుతాను. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకి ఇక్కడి నుంచి సంగీతం, కూచిపూడి, తెలుగు నేర్పుతున్నవాళ్ళు ఇవాళ మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. ఎండాకాలంలో మనకి శనివారం తెల్లవారి ఆరు గంటలు అయ్యేటప్పటికి కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం ఐదున్నర. ఇక్కడ ముగ్గు వేసి, కాఫీ తాగి, శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంటే అక్కడ పిల్ల బడి నుంచి వచ్చి తయారుగా ఉంటుంది. ఇల్లు లేచేలోగా రెండు పాఠాలు అయిపోతాయి. కావలసింది మంచి ఇంటర్నెట్, కాస్త నిశ్శబ్దంగా ఉండే గది, అన్నిటికంటే ముందు నిజంగా వచ్చిన విద్య. ఇక్కడ ఏజెంటు లేడు. నేర్పే మనిషి తన ఫీజు తనే చెబుతుంది. నేర్చుకునేవాళ్ళ అమ్మ నేరుగా పంపిస్తుంది. చూశారా, మళ్ళీ అదే మాట దగ్గరికి వచ్చాం. చివరికి డబ్బు ఇచ్చే మనిషి మీకు తెలుసు, ఆ మనిషికి మీరు తెలుసు.

ఇక ఆఖరి విషయం. దీని గురించి చెప్పకుండా సెలవు తీసుకోలేను.

ఇంట్లో పని కోసం వెతికేవాళ్ళ కోసం మోసగాళ్ళు కాచుకుని ఉన్నారు. పాత మోసం ఒకటుంది. దీపం వత్తులు చేసే మిషన్ కొనండి, దూది మేమే ఇస్తాం, చేసిన వత్తులన్నీ మేమే కొంటాం, నెలకి ఇంత గ్యారంటీ అంటారు. మొదటి నెల వత్తులు కొంటారు, డబ్బూ ఇస్తారు. మీరు నమ్మి మీ చెల్లెలితో కూడా మిషన్ కొనిపిస్తారు. మూడో నెలకి ఆఫీసుకి తాళం. వాళ్ళ వ్యాపారం వత్తులు కాదు, మిషన్లు. మిషన్ అమ్మగానే వాళ్ళ లాభం వాళ్ళకి వచ్చేసింది. ఇక్కడా మన ప్రశ్నే వేసి చూడండి. ఈ వత్తుల్ని చివరికి ఎవరు కొంటున్నారు? ఏ బజార్లో, ఎంతకి? దానికి వాళ్ళ దగ్గర సరైన జవాబు ఉండదు.

కొత్త మోసం ఫోన్లో వస్తుంది. వీడియోకి లైకు కొట్టండి, హోటలుకి రేటింగు ఇవ్వండి, రోజుకి వేలు సంపాదించండి అని మెసేజ్. మొదట నూటయాభయ్యో రెండొందలో నిజంగానే మీ ఖాతాలో వేస్తారు. ఆ తర్వాత పెద్ద పని కావాలంటే వెయ్యి కట్టమంటారు, తర్వాత పది వేలు, తర్వాత కట్టింది రావాలంటే ఇంకా కట్టమంటారు. డేటా ఎంట్రీ పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అనేదీ ఈ కోవలోదే. అమ్మా, నాయనా, పని చేసినవాళ్ళకి డబ్బు రావాలి. పని కావాలంటే మీరే డబ్బు కట్టాలి అన్నారా, ఫోను పెట్టేయండి. పక్కింటివాళ్ళకి వచ్చిందని చెప్పినా, స్క్రీన్ మీద లాభం కనిపిస్తోందని చెప్పినా కట్టకండి.

ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే, సిగ్గుపడి దాచుకోకండి. ఇంట్లో తిడతారని రెండు రోజులు ఆగితే ఆ డబ్బు చేతులు మారి ఎటో వెళ్ళిపోతుంది. వెంటనే చెబితే ఆ డబ్బుని దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది. సైబర్ నేరాల మీద ఫిర్యాదుకి దేశమంతటికీ ఒకటే ఫోన్ నంబరు. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకున్నవాళ్ళు రాసుకోండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. 1930. ఫోన్ చేసేటప్పుడు డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్ళింది, ఎప్పుడు వెళ్ళింది, ఆ లావాదేవీ నంబరు ఎంత అన్నది మీ దగ్గర ఉంచుకోండి. బ్యాంకు పంపిన మెసేజ్‌లో అవన్నీ ఉంటాయి, దాన్ని చెరిపేయకండి. నంబరు ఇంకోసారి చెబుతున్నాను. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.